చూరులో దోపిన రేక

మా ఊరివాళ్ళకు న్యాయశాస్త్రం పుట్టుకతోనే వస్తుంది. గొల్లపల్లి దాటి లోపలికి పోతే ఉంటుంది మా ఊరు. అక్కడ వకీలు లేడు, కోర్టు లేదు, కల్లు తాగే మండువ మాత్రం ఉంది. రెండో లొట్టి కల్లు ఖాళీ అయ్యేసరికి మండువలో కూర్చున్న ప్రతివాడూ జడ్జీయే. మా అన్నకు జీవిత ఖైదు పడిన రోజు నేను కోరుట్ల నుంచి ఏడ్చుకుంటూ పోతే ఆ జడ్జీలందరూ నన్ను ఓదార్చారు.

"జీవిత ఖైదంటే పద్నాలుగేండ్లేనే పిల్లా. అండ్ల గుడ పగలొక రోజు, రాత్రొక రోజు లెక్క. అంటే ఏడేండ్లు. కండ్లు మూసి తెరిచేవరకు అస్తడు" అన్నాడొకాయన.

ఇంకొకాయన అందులోంచి ఆదివారాలు తీసేశాడు. మరొకాయన పండుగలు తీసేశాడు. వాళ్ళను అట్లాగే వదిలేస్తే సాయంత్రానికల్లా అన్నను బస్సెక్కించి తెచ్చేసేవాళ్ళే. నవ్వకండి, నేను నమ్మాను. ఏడో ఏడు వచ్చేసరికి ఇంటికి సున్నం కూడా వేయించాను. జైల్లో రాత్రులను వేరే లెక్క పెట్టరని ఆ సున్నం పెచ్చులూడినాక గానీ నాకు అర్థం కాలేదు. అన్న బయటికి వచ్చేసరికి పదహారేళ్ళు దాటాయి.

అన్న ఏం చేశాడో చెప్పకుండా దాటేస్తే నేనూ మండువ జడ్జీనే అవుతాను. మా అన్న మనిషిని చంపాడు. మాది కల్లుగీసే ఇల్లు. అన్నా, చచ్చిపోయిన అతనూ పక్కపక్క తాళ్ళు, అంటే తాటిచెట్లు, గీసేవాళ్ళు. తన లొట్టిలోంచి అతను కల్లు వంపుకుంటున్నాడని అన్నకు అనుమానం. మండువలో మాటకు మాట పెరిగింది. అన్న నడుముకు గీతకత్తి ఉంది. ఒక్కటే దెబ్బ. అనుమానం నిజమో కాదో ఈ రోజుకూ తెలియదు. నిజమే అయినా లొట్టెడు కల్లుకు నిండు ప్రాణమా? ఈ మాట జైలుకు ములాఖత్‌కు పోయినప్పుడు జాలీ అవతల ఉన్న అన్నను మొహం మీదే అడిగాను. "తప్పే చెల్లె" అని తల దించుకున్నాడు. ఆ తల మళ్ళీ పూర్తిగా ఎత్తగా నేను చూడలేదు.

చనిపోయినతను వరసకు మాకు బావ. అతని అన్న మా కులసంఘానికి పెద్దమనిషి. ఆయన్ను మేం పెద్దబావ అంటాం. మా దగ్గర తాటిచెట్లు సంఘం చేతిలో ఉంటాయి. ఎక్కేవాళ్ళకు వంతులు వేసి పంచుతారు, ఎక్కేవాడు లేకపోతే వాడి వంతు ఇంకొకరికి పోతుంది. చచ్చినవాడు ఎక్కలేడు, జైలుకు పోయినవాడూ ఎక్కలేడు. అందుకని పెద్దబావ, చచ్చిపోయిన తమ్ముడి వంతును తన పెద్దకొడుకు పేరు మీద వేయించాడు, మా అన్న వంతును తన పేరు మీద వేయించుకున్నాడు. ఒకటి తమ్ముడి మీద ప్రేమతో, ఒకటి తమ్ముణ్ణి చంపినవాడి మీద కోపంతో. అంత దుఃఖంలోనూ ఆయన చెట్లను మాత్రం మరవలేదు.

తమ్ముడి భార్య అప్పటికి పాతికేళ్ళు నిండని మనిషి, చంకలో పిల్ల. ఆమెను నేను అక్కా అంటాను. సంఘం ఆమెకు ఏమిచ్చిందంటే, సానుభూతి ఇచ్చింది. దినాల నాడు అందరూ వచ్చి "అయ్యో" అన్నారు, తిన్నారు, పోయారు. ఆమె బీడీలు చుట్టి బిడ్డను సాదుకుంది. ఎవరితోనైనా రెండు మాటలు నవ్వుతూ మాట్లాడితే సాయంత్రానికి పెద్దబావకు కబురు చేరేది. పుట్టింటికి పోతానంటే, "పో. మా తమ్ముని బిడ్డను మాకిచ్చి పో" అన్నాడు ఆయన. ఆమె ఎక్కడికీ పోలేదు.

సర్కారు అప్పుడప్పుడు మంచిగా నడుచుకున్న ఖైదీలను జెండా పండుగలకు విడిచిపెడుతుంది. దాంతో మా ఇంట్లో పంద్రాగస్టు, ఛబ్బీస్ జనవరి దసరా కంటే పెద్ద పండుగలయ్యాయి. బళ్ళో పిల్లలకు చాక్లెట్లు పంచేవాళ్ళు, నాకు మాత్రం నిరాశ పంచేవాళ్ళు. ఒక ఏడు ఎన్నికలు అడ్డం వచ్చాయి. ఒక ఏడు ఫైలు ఎక్కడో పడుకుంది. ఇంకో ఏడు లిస్టు వచ్చింది గానీ అందులో అన్న లేడు. ఏ ఊళ్ళో ఎవరు జెండా ఎగరేసినా నాకు ఒళ్ళు మండేది.

విడిచిపెట్టేముందు ఊళ్ళో విచారణ ఉంటుంది. ఈ మనిషి తిరిగొస్తే గొడవలవుతాయా, ఊరివాళ్ళు ఒప్పుకుంటారా అని అడుగుతారు. మొదటిసారి విచారణకు వచ్చిన పోలీసాయన ఊరంతా తిరగలేదు, ఎండలు అట్లా ఉన్నాయి. నేరుగా వెళ్ళి పెద్దబావ వాకిట్లో నీడకు కూర్చున్నాడు. పెద్దబావ కండువాతో కళ్ళు తుడుచుకుని, "వాడు ఊళ్ళెకు అస్తే నెత్తురు పారుతది సారు. మా పోరగాండ్లను నేను ఆపలేను" అన్నాడట.

ఆ పోరగాళ్ళు ఎవరో నాకు తెలియదా? పెద్దోడు దుబాయిలో క్రేను నడుపుతాడు. చిన్నోడు జగిత్యాలలో సెల్‌ఫోన్లకు గ్లాసులు అంటిస్తాడు. నెత్తురు పారించాలంటే పెద్దోడికి లీవు దొరకాలి, చిన్నోడు దుకాణం మూయాలి. ఊళ్ళో మిగతావాళ్ళు పోలీసాయన బండి చప్పుడు వినగానే తలుపులు పెట్టుకున్నారు. పోలీసాయన వచ్చినా, సర్వే చేసేవాళ్ళు వచ్చినా మా ఊరి జవాబు ఒక్కటే: "మాకేం తెల్వది సారు." ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషి నాలుగిళ్ళ అవతల అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమెను అడగాలని ఎవరికీ తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు, నా గోల నాది.

అన్న రాలేదు. ఇంకొన్నేళ్ళు లోపలే మగ్గం మీద దుప్పట్లు నేశాడు.

మళ్ళీ విచారణ వచ్చింది. ఈసారి పెద్దబావ పోలీసాయనకు ఎదురుపోయి కుర్చీ వేశాడు. "బంగారమసొంటి మనిషి సారు. గ్రహపాటు, ఏదో అయిపోయింది. మా తమ్ముడు ఎట్లనో, ఈయన అట్లనే నాకు. జల్ది తోలియ్యుండ్రి" అన్నాడు. ఆ సంగతి విని నేను నిజంగానే భయపడ్డాను. ఆయనకు పక్షవాతం గానీ వచ్చిందేమోనని చూడ్డానికి ఊరికి పోయాను.

పక్షవాతం కాదు, మోకాళ్ళు. పెద్దబావ చెట్టెక్కడం మానేసి రెండేళ్ళయింది. కొడుకులు ఎక్కరు. ఊరు మొత్తానికి చెట్టెక్కేవాళ్ళు ముగ్గురు మిగిలారు, అందులో ఒకరికి కళ్ళు తిరుగుతాయి. మబ్బులు ముట్టే తాళ్ళున్నాయి, వాటికి లొట్లు లేవు. మండువకు వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో పోయి బెల్టుషాపులో బీరు తాగుతున్నారు. అప్పుడు పెద్దబావకు జైల్లో ఉత్తగా పడి ఉన్న ఒక జత కాళ్ళు గుర్తొచ్చాయి. క్షమాగుణం మోకాళ్ళ నొప్పిలోంచి కూడా పుడుతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఏ నొప్పిలోంచి పుడితే నాకేం? అన్న వస్తే చాలనుకున్నాను. ఇక జమానతు పెట్టాలి, అంటే అన్న పారిపోడని ఎవరైనా పూచీ పడాలి. మా చుట్టాలకు సరిగ్గా అప్పుడే జ్వరాలొచ్చాయి. ఒకాయనకైతే సంతకం చేసే చెయ్యే పట్టుకుపోయింది. చివరికి కోరుట్లలో నేను మిషను కుట్టే దుకాణం చాచా వచ్చాడు. ఆయన తాత కాలం నుంచీ వాళ్ళది దర్జీ పనే.

"దస్కతే గద బేటీ, షేర్వాణీ కుట్టమంటలేవు గద" అన్నాడు. "మీ అన్న పారిపోతే నన్ను లోపల ఏస్తరా? ఏస్తే గుడ ఏం ఫికర్ లేదు. ఇంట్ల ముగ్గురు కోడండ్లున్నరు, గాడ నిమ్మళంగ పండుకుంట."

సంతకం పెట్టిన చేతికి నేను దండం పెడితే, ఆ చెయ్యి వెనక్కి లాక్కుని ఆగిపోయిన జాకెట్టు సంగతి అడిగాడు.

అన్న ఒక జెండా పండుగ దాటిన నాలుగు రోజులకు వచ్చాడు. మొదట కోరుట్లలో మా ఇంటికే తెచ్చుకున్నాను. మర్నాడు తెల్లారేసరికి వాకిట్లో గోడవారన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు అర్థమైంది. లోపల పొద్దున్నే తలలు లెక్కబెడతారు, ఆ లెక్క కోసం కూర్చుంటున్నాడు.

"ఎవలు లెక్కబెడతరే నిన్ను? ఒక్కనివే ఉన్నవు. ఒకటి. అయిపోయింది, లే. చాయ తాగు" అని కసిరాను. కసిరి, వంటింట్లోకి పోయి ఏడ్చాను.

అన్నకు ఒక్కటే కోరిక. మళ్ళీ ఊరికి పోయి తన తాళ్ళు తాను గీసుకోవాలి. వేరే ఏం అడగలేదు. "చెట్టెక్కితే గాని నేను బయట పడ్డట్టు అనిపియ్యది చెల్లె" అన్నాడు. సర్కారు శిక్ష తీరింది గానీ కులం శిక్ష ఇంకా మొదలే కాలేదు. జైలుకు పోయి వచ్చినవాణ్ణి కులంలో కలుపుకోవాలి, కలుపుకోనిదే వంతు ఇవ్వరు, వాడింట్లో మంచినీళ్ళు ముట్టరు. పెద్దమనుషులు కూర్చుని రెండు యాటలు, అంటే మేకపోతులు, కోయాలన్నారు. కోర్టులో లేని సౌలత్ ఇక్కడ ఉంది, శిక్షను బేరమాడొచ్చు. "జైలోళ్ళే మంచిగున్నడని రాసిచ్చిండ్రు. మీరు గుడ జర తగ్గియ్యాలె గద" అని నేను వాదిస్తే, సత్ప్రవర్తన కింద ఒక యాట మాఫీ అయింది.

తాటివనంలో పొయ్యిలు పెట్టారు. మధ్యాహ్నానికి కూర వాసన ఊరి దాకా పోయింది, వాసన వెంట ఊరూ వచ్చింది. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, తప్పు చేసినవాడు లొట్టి పట్టుకుని కల్లు పోయాలి, తప్పు జరిగిన ఇంటి మనిషి తాటాకు రేకను దొన్నెలా మడిచి నోటి దగ్గర పట్టుకుని తాగాలి. ఆ మొదటి రేక కడుపులో పడితే తప్పు కడిగినట్టు. అది కానిదే ఎవరూ విస్తట్లో చెయ్యి పెట్టకూడదు. ఈ పద్ధతిని అందరికీ వివరంగా చెప్పింది పెద్దబావే. చెప్పి, చచ్చిపోయిన తమ్ముడి తరఫున రేక అందుకున్నాడు. అన్న లొట్టి వంచబోతున్నాడు.

అప్పుడు ఆడవాళ్ళ మధ్య నుంచి అక్క లేచి వచ్చింది. వేళ్ళకు ఇంకా తంబాకు అంటుకునే ఉంది. పెద్దబావ చేతిలోంచి రేక మెల్లగా తీసుకుంది.

"ఏందిది పిల్లా? ఆడోళ్ళు అటు దిక్కు" అన్నాడు పెద్దబావ.

"సచ్చింది నా మొగడు. మొదటి రేక గా ఇంటోళ్ళే పట్టాలంటివి గద బావా. గా ఇంటిదాన్ని నేనే."

ఆమె చెప్పింది పద్ధతే మరి, పెద్దబావ పక్కకు జరిగాడు. అన్న లొట్టి ఎత్తాడు. ఆమె రేక నోటిదాకా తెచ్చి ఆపింది.

"ఆగు, పొయ్యకు" అంది అన్నతో. అన్ని సంవత్సరాల తర్వాత ఆమె అన్నతో మాట్లాడిన మొదటి మాట అది. తర్వాత పెద్దమనుషుల వైపు తిరిగింది. "ఈయన చెట్లు ఈయనకిస్తున్నరు. జైలుకు పోయిండు, అచ్చిండు, ఇస్తున్నరు. నేను అద్దంటలే. మరి నా మొగని వంతేది?"

"ఎక్కేటోళ్ళకే వంతు. నువ్వెక్కుతవా చెట్టు?" అన్నాడు పెద్దబావ. నలుగురు నవ్వారు.

"నా మొగని వంతు నీ పెద్దకొడుకు పేరు మీదున్నది. ఆయన దుబాయిల ఉన్నడు. ఆడికెల్లి ఎట్లెక్కుతున్నడో జర చెప్పు బావా, నేను గుడ నేర్చుకుంట."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దబావ మొహం కందగడ్డయింది.

"గది వేరే ముచ్చట. ఇప్పుడు గీ ముచ్చట కానియ్యి. కూర సల్లారుతుంది."

"అయితే గది తేలినంకనే రేక పట్టుకుంట. నాకు జల్దేం లేదు. నన్ను ఎన్నడన్న ఎవ్వలన్న ఒక్క మాట అడిగిండ్రా? పోలీసాయన అడగలే. మీరు అడగలే."

రేకను రెండుగా మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మొదటి రేక పడలేదు కాబట్టి పద్ధతి ప్రకారం ఎవరూ తినకూడదు. పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, తర్వాత కూరగంజు మొహం చూశారు. యాట వృథా అయితే పాపమని ఒకాయన అన్నాడు. దాంతో తీర్పు వాయిదా వేసి భోజనం చేశారు. పోయింది మా యాట. అన్న కులంలో కలిసినట్టా, కలవనట్టా అని అడిగితే, మూలిగె ఎముక పీలుస్తూ ఒకాయన "చూద్దాం తియ్" అన్నాడు.

తిన్నాక పెద్దబావ దిగొచ్చాడు. "ఆమె ముచ్చట ఇప్పట్ల తెగది గని, నువ్వు రేపటికెల్లి నీ తాళ్ళెక్కు. నేను చెప్తున్న" అని అన్న భుజం మీద చెయ్యి వేశాడు. నా గుండె మీది బరువు దిగింది. ఏ రేకయితేనేం, అన్నకు చెట్లొచ్చాయి గదా అనుకున్నాను. అన్న మాత్రం లొట్టి కింద పెట్టి నిలబడ్డాడు.

"ఆమె రేక పట్టినంకనే నేను మోకు కట్టి చెట్టెక్కుత బావా" అన్నాడు.

బస్సులో కోరుట్ల దాకా అన్నను తిట్టాను. "జెండా పండుగ జెండా పండుగకు నేను చచ్చి బతికితే, చేతికచ్చిన చెట్లను ఒదులుకుంటవా? నువ్వేమన్న మహాత్మునివా? ఆమెకు ఇవ్వాల యాదికచ్చిందా చెట్ల ముచ్చట?" అన్నాను. అక్కను కూడా తిట్టాను. నా కోపం నిజమైన కోపమే. ఆ బస్సులో ఉన్నవాళ్ళంతా మమ్మల్నే చూశారు, అయినా ఆగలేదు. అన్న కిటికీలోంచి తాళ్ళను చూస్తూ, "ఆమెకు నేను వేరే ఏమియ్యగల్గుత చెల్లె?" అన్నాడు.

ఉత్తగా కూర్చోబెట్టి ఎన్నాళ్ళు చూస్తాను? సిరిసిల్లలో చాచాకు తెలిసిన ఒక సేటు దగ్గర సాంచాలున్నాయి, అంటే కరెంటు మగ్గాలు. అన్నను తీసుకుపోయాను. పని ఎక్కడ నేర్చుకున్నావని సేటు అడిగాడు. "జైలుల" అన్నాడు అన్న, దాచడం రాదు. సేటు "అయితే నాగాలు పెట్టే అలవాటుండది, మంచిదే" అన్నాడు. మా కులం ఒక యాట తిని కూడా తేల్చని సంగతి ఆ సేటు ఒక్క మాటలో తేల్చాడు. అన్న అక్కడే ఉంటాడు. ఠాణాలో సంతకం పెట్టాల్సిన రోజు పెడతాడు. ఫోన్ చేస్తే నన్నడిగే మొదటి మాట, "అక్క ముచ్చట తేలిందా?" అన్నదే.

మొన్న ఊరికి పోయినప్పుడు అక్కను చూడ్డానికి పోయాను. బీడీలు చుడుతోంది. పక్కన కూర్చుని పైకి చూస్తే, ఇంటి చూరులో ఆ రేక దోపి ఉంది. ఎండి గోధుమరంగుకు వచ్చింది. "ఇంక దాస్తివా అక్కా?" అంటే, "పని పడుతదేమోనని" అంది. చాయ పెట్టి ఇచ్చింది. కులంలో కలవని మనిషి చెల్లెల్ని నేను, ఆమె ఇచ్చిన గ్లాసులో తాగాను, ఆకాశం ఏం విరిగి పడలేదు.

కిందటి వారం పెద్దబావ కోరుట్లకు వచ్చాడు. కర్ర పట్టుకుని దుకాణం మెట్లెక్కి నా మిషను పక్కన కూర్చున్నాడు. చెట్లెక్కే ముగ్గురిలో ఒకాయన పడి నడుం విరగ్గొట్టుకున్నాడట. ఇద్దరే మిగిలారట.

"మీ అన్నకు నువ్వన్న చెప్పు పిల్లా. నీ మాట ఇంటడు. గిదేం పంతం?"

నేను కుట్టడం ఆపాను. "బావా, సర్కారు మా అన్నకు జీవిత ఖైదు ఏసింది. అయినా పదహారేండ్లకు తలుపు తీసింది. అక్కకు మీరు ఎంత ఏసిండ్రు? తలుపు ఎన్నడు తీస్తరు?"

పెద్దబావ కర్రను రెండు చేతుల మధ్య తిప్పాడు. చాచా కత్తెర ఆపి వింటున్నాడు.

"గట్లయితే ఈపాలి యాట నేనే కోయిస్త" అన్నాడు చివరికి. ఆయనకు వచ్చిన భాష అదొక్కటే.

"యాటలు అద్దు బావా. రేక ఆమె చూరులనే ఉన్నది. వంతు ఆమె పేరు మీద రాపిచ్చి, పోయి అడుగు."

"అడిగితే ఆమె రేక పట్టుకుంటదా?"

"గిన్నేండ్లల్ల ఒక్కసారన్న అడిగితే గద తెలిసేది."

జగిత్యాల మీదుగా ఊరికి పోయే బస్సుకు టైమయిందని పెద్దబావ లేచాడు.